ఇటాలియన్ నుంచి ఫ్రెంచ్‌కి: కరెంటు మీటింగ్‌కి ఇంటర్‌ప్రిటర్‌ని ఎలా వెతకాలి?

[స్క్రీన్ మీద మ్యాప్: ఇటలీలోని పియోసాస్కో నుంచి ఫ్రాన్స్‌లోని గ్రాండ్-ఈల్ దాకా గీత]

ఇది ఆల్ప్స్ దాటే కరెంటు లైను. 190 కిలోమీటర్లు, 1200 మెగావాట్లు, చాలావరకు రోడ్ల వెంట పాతిన కేబులే. కరెంటు గ్రిడ్ నడిపే కంపెనీలు ఇటలీ వైపు టెర్నా, ఫ్రాన్స్ వైపు ఆర్‌టీఈ. ఇలాంటి పని మీద రెండు దేశాల ఇంజినీర్లు, లాయర్లు కూర్చున్నప్పుడు, ఆఫీసులో రెండు భాషలూ వచ్చిన కుర్రాడు ఉన్నాడు కదా అని అతన్నే ఇంటర్‌ప్రిటర్‌గా, అంటే ఒకరి మాటని ఇంకో భాషలో చెప్పడానికి, కూర్చోబెడితే, మెగావాట్ అన్నచోట మెగావాట్ అవర్ అనేశాడనుకోండి, మొదటిది లైను ఎంత మోయగలదన్న లెక్క, రెండోది ఎంత కరెంటు పోయిందన్న లెక్క, ఇక బిల్లు దగ్గర గొడవే.

మరి ఎవర్ని పిలవాలి? ఏఐఐసీ అని 1953లో పెట్టిన కాన్ఫరెన్స్ ఇంటర్‌ప్రిటర్ల అంతర్జాతీయ సంఘం ఉంది, దాని డైరెక్టరీలో ఎవరైనా వెతుక్కోవచ్చు.

[స్క్రీన్ మీద: ఏ, బీ, సీ]

ఒక్కో పేరు పక్కన ఈ అక్షరాలుంటాయి. ఏ అంటే మాతృభాష స్థాయి. బీ అంటే మాతృభాష కాకపోయినా అందులోకీ చెప్పగలరు. సీ అంటే విని అర్థం చేసుకుంటారు, అందులోకి మాత్రం చెప్పరు. ఇటాలియన్ ప్రసంగం ఫ్రెంచ్ వాళ్లకి వినిపిస్తే చాలనుకుంటే ఫ్రెంచ్ ఏ, ఇటాలియన్ సీ సరిపోతుంది. ఫ్రెంచ్ వాళ్లు ఎదురు ప్రశ్నలేస్తే? సీ పనికిరాదు. బుక్ చేసే ముందే ఇది తేల్చుకోండి, లేకపోతే మీటింగ్ రోజు టెన్షనే.

ఇంటర్‌ప్రిటర్ "ఎనర్జీలో చేశాను" అంటే అక్కడితో వదిలేయకండి. గ్యాసా, హైవోల్టేజీ కేబులా, అణు విద్యుత్తా? ఇటలీ 1987 రెఫరెండం తర్వాత అణు కేంద్రాలు మూసేసింది, ఫ్రాన్స్‌లో సగానికి పైగా కరెంటు వాటిదే. అందుకే అణు పనికైతే ముందు ఫ్రాన్స్ వైపు వెతకమంటాను.

అవతలివాళ్లు మాట్లాడుతుండగానే చెప్పేయాలంటే ఇద్దరు కావాలి, 20–30 నిమిషాలకోసారి మారతారు. రెండో మనిషి ఖాళీగా కూర్చోడు, 320 కిలోవోల్టులు అని వినపడగానే కాగితం మీద రాసి పక్కకి జరుపుతాడు. ఒక్కరితో సరిపెట్టమని బేరాలాడకండి, ప్లీజ్.

ఇంకోటి, స్లైడ్లు ముందే పంపండి. రహస్యం అంటూ చివరి నిమిషం దాకా దాచేవాళ్లే ఎక్కువ, ఆ భయముంటే గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని పంపండి. ఆర్‌టీఈ లాంటి పొట్టి పేర్ల జాబితా, లైను డ్రాయింగ్, ఎవరెవరు మాట్లాడతారో ఆ పేర్లు కూడా అందులోనే పెట్టేయండి. కొటేషన్ అడిగేటప్పుడు ప్రయాణం, బస, బూత్ (ఇంటర్‌ప్రిటర్లు కూర్చుని మాట్లాడే చిన్న గది) అద్దె కలిపా విడిగానా అని అదే మెయిల్లో అడగండి.