బ్యాటరీ కారుకు లిథియం ప్యాకు: ఏహెచ్ తర్వాత, ముందు ఆంప్స్ చూడండి

నమస్కారం అండీ. ఆస్పత్రి ఆవరణలో ముసలివాళ్లను, స్టేషన్‌లో లగేజీతో దిగినవాళ్లను, కాలేజీ గేటు నుంచి బ్లాకు దాకా పిల్లలను మోసే బ్యాటరీ కారు తిరుపతిలో అందరికీ తెలుసు. గోల్ఫ్ మైదానం కోసం పుట్టిన బండి ఇది. ఆ బండిలో లెడ్ బ్యాటరీలు తీసేసి లిథియం వేయడం ఎలాగో ఈ వీడియోలో పూర్తిగా చూద్దాం.

సీటు ఎత్తితే కింద ఎక్కువగా కనబడేది 8 వోల్టుల బ్యాటరీలు ఆరు. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే, 48 వోల్టులు. 170 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎన్ని ఆంప్స్ కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో ఆ కొలత) రకమైతే ఒక్కొక్కటి 28 కిలోల పైమాటే, ఆరూ కలిపితే 170 కిలోలు. కరకంబాడిలో అమర రాజా ఫ్యాక్టరీ ఉన్న ఊరు మనది, లెడ్ బ్యాటరీని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం లేదు. డిస్టిల్డ్ వాటర్ తగ్గకుండా పోస్తూ, సగానికి కిందకి దించకుండా వాడితే బాగానే పనిచేస్తుంది. దానికి పడనిది ఎండ. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని లెక్క. 25 డిగ్రీల దగ్గర చెప్పే ఆయుష్షు మన మే నెలలో రమ్మంటే రాదు.

ఇప్పుడు లెక్క చూడండి. 48 వోల్టులు, 170 ఏహెచ్ అంటే కాగితం మీద 8 యూనిట్లు. వాడదగింది సగం, అంటే 4 యూనిట్లు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకులో 16 సెల్స్ ఉంటాయి, 51.2 వోల్టులు. 105 ఏహెచ్ తీసుకుంటే 5.4 యూనిట్లు. 80 శాతం వాడినా 4.3 యూనిట్లు చేతికొస్తాయి, బరువు మాత్రం 50 కిలోల దరిదాపుల్లో. చదును నేల మీద బండి 50 ఆంప్స్ లాగుతూ గంటకు 20 కిలోమీటర్లు పోతుందనుకుంటే, 84 ఏహెచ్ గంటా నలభై నిమిషాలు వస్తుంది. 33, 34 కిలోమీటర్లు. కాబట్టి పాత సెట్టు 170 ఉంది, లిథియం కూడా 170 కావాలని పట్టుబట్టకండి.

అసలు తప్పు జరిగేది ఏహెచ్ దగ్గర కాదు, ఆంప్స్ దగ్గర. ప్యాకు లోపల బీఎంఎస్ అనే బోర్డు కరెంటు హద్దు దాటితే సరఫరా మొత్తం తెంపేస్తుంది. లెడ్ బ్యాటరీ అలా తెంపదు, వోల్టేజీ కుంగుతూ ఎలాగోలా మోస్తుంది. తిరుపతి కొండ కిందున్న ఊరు, అలిపిరి వైపు పోయే దారంతా మిట్ట. ఎనిమిది మందితో మిట్ట ఎక్కేటప్పుడు కంట్రోలర్, అంటే మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసే పెట్టె, 200, 250 ఆంప్స్ అడగొచ్చు. అక్కడ 100 ఆంప్స్ బీఎంఎస్ ఉంటే మిట్ట మధ్యలో మోటారు, లైట్లు, హారన్ అన్నీ ఒక్కసారి పోతాయి. రీజెన్ బ్రేకింగ్, అంటే మోటారే బండి జోరును కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతూ ఆపే పద్ధతి, అది కూడా పోతుంది. బండి వెనక్కి జారుతుంటే డ్రైవరు చేతిలో మిగిలేది మామూలు బ్రేకు ఒక్కటే. అందుకే ప్యాకు కొనకముందే కొలత తీసుకోండి. క్లాంప్ మీటరు (కేబుల్ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) డీసీ కొలిచేదై ఉండాలి, ఏసీ క్లాంప్ ఇక్కడ సున్నా చూపిస్తుంది. సీట్లన్నీ నింపి, మీ దారిలో బాగా నిక్కుగా ఉన్న మిట్టలో మధ్యన ఆపి, అక్కణ్ణుంచి బయల్దేరండి. అప్పుడు వచ్చే పెద్ద అంకె రాసుకోండి. ఎక్కినంతసేపూ లాగే కరెంటు కంటే ప్యాకు కంటిన్యువస్ రేటింగ్ ఎక్కువుండాలి. బయల్దేరేటప్పటి పెద్ద అంకె పీక్ రేటింగ్‌లో ఇమడాలి, ఆ పీక్ ఎన్ని సెకన్లో కూడా అడగండి. ఎనిమిది సీట్ల బండికి 200 కంటిన్యువస్, కొన్ని సెకన్లకు 400 అన్న ప్యాకు నిశ్చింత.

12 వోల్టుల లిథియం బ్యాటరీలు నాలుగు సిరీస్‌లో పెట్టొచ్చా అని అడుగుతుంటారు. మా సలహా వద్దు. నాలుగింటికి నాలుగు బీఎంఎస్‌లు, ఒక్కటి తెంపినా బండి ఆగుతుంది, పైగా నాలుగూ సమానంగా నిండవు. ఒకే 48 వోల్టుల ప్యాకు తీసుకోండి.

పనిలోకి దిగుదాం. బండి చదునులో పెట్టి చక్రాలకు అడ్డం వేయండి. తాళంచెవి బయటికి తీసి, టో-రన్ స్విచ్ (బండి నడవడానికి రన్, లాక్కెళ్లడానికి టో) టో వైపు తిప్పండి. ఉంగరం, గడియారం, మొలతాడుకు కట్టిన తాళాలు కూడా తీసి పక్కన పెట్టండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టి, ముందు మెయిన్ నెగెటివ్ ఊడదీయండి. బ్యాటరీలు దించాక ట్రేను జాగ్రత్తగా చూడాలి. యాసిడ్ తిన్న ఇనుము పైకి పెయింటుతో బాగానే కనబడుతుంది, స్క్రూడ్రైవరుతో గుచ్చితే లోపలికి దిగుతుంది. తినే సోడా నీళ్లు పోసి, బుసబుస పొంగడం ఆగేదాకా కడిగి, బాగా ఆరనిచ్చి, తుప్పు గీకి, ప్రైమరు కొట్టండి. గుల్లబారి ఉంటే 3 ఎంఎం షీటు వెల్డింగ్ చేయించండి. ఆరు బ్యాటరీల చోట ఒక్క ప్యాకు పెడుతున్నాం కాబట్టి చుట్టూ ఖాళీ మిగులుతుంది. స్పీడ్ బ్రేకరు దగ్గర ప్యాకు ఎగరకూడదు. కింద రబ్బరు మ్యాటు, పైన యాంగిల్ క్లాంపు, అదురుకు వదులు కాని నైలాక్ నట్లు.

కేబుళ్లు పాతవే వాడతామంటే లగ్గుల దగ్గర, అంటే కేబుల్ చివర బోల్టుకు తగిలించే కొసల దగ్గర, తొడుగు కోసి చూడండి. రాగి పచ్చగానో నల్లగానో మారితే పారేయండి. కొత్తవి 50 స్క్వేర్ ఎంఎం రాగి, లగ్గులు హైడ్రాలిక్ క్రింపింగే (ప్రెస్‌తో నొక్కి బిగించడం), సుత్తితో కొట్టినవి వద్దు. ప్యాకు పాజిటివ్‌కు దగ్గరలోనే ఫ్యూజు పెట్టాలి. కారులో వాడే 32 వోల్టుల ఫ్యూజు ఇక్కడ పనికిరాదు, కరిగినా లోపల ఆర్క్, అంటే ఖాళీలోంచి దూకే నిప్పు, ఆగదు. 80 వోల్టుల డీసీకి పైబడిన, షార్టులో వేల ఆంప్స్ తెంపగల ఫ్యూజు అడిగి తీసుకోండి.

ప్యాకు బిగించాక బండి కదలదు, బీఎంఎస్ ట్రిప్ అవుతోంది, ప్యాకు పాడైందని తిప్పి పంపేస్తారు. చాలాసార్లు ప్యాకు తప్పు కాదు. కంట్రోలర్ లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. సొలెనాయిడ్ (ప్యాకు కరెంటును కంట్రోలర్‌కు కలిపే పెద్ద స్విచ్చు) పడిన క్షణంలో అవి ఖాళీగా ఉంటే కరెంటును ఒక్క గుక్కలో తాగేస్తాయి, బీఎంఎస్ దాన్ని షార్ట్ అనుకుంటుంది. ఆ కెపాసిటర్లను ముందే మెల్లగా నింపడానికి సొలెనాయిడ్ రెండు పెద్ద టెర్మినళ్ల మధ్య ఒక రెసిస్టర్ ఉంటుంది. సాధారణంగా 250 నుంచి 500 ఓమ్‌లు, 5 లేదా 10 వాట్లు. పాత బండ్లలో అది కాలిపోయి ఉన్నా లెడ్ బ్యాటరీతో ఎవరికీ తెలియదు, సొలెనాయిడ్ కాంటాక్టులు మాత్రం మాడుతూ వస్తాయి. సొలెనాయిడ్ పడకముందు ఆ రెండు టెర్మినళ్ల మధ్య వోల్టులు కొలవండి. కొద్ది వోల్టులే ఉంటే రెసిస్టర్ బతికే ఉంది. పూర్తి 50 పైన చూపిస్తే తెగినట్టే, మార్చండి.

లైట్లు, హారన్‌కు పాత సెట్టు మధ్యలోంచి వైరు లాగి ఉంటారు. లిథియం ప్యాకులో మధ్య టెర్మినల్ ఉండదు. 48 నుంచి 12 వోల్టులకు దించే కన్వర్టర్, 20 ఆంప్స్‌ది, దాని సొంత ఫ్యూజుతో పెట్టండి.

డాష్‌బోర్డు మీటరు కూడా మారాలి. పాతది వోల్టేజీ చూసి శాతం చెబుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వోల్టేజీ మధ్యలో దాదాపు కదలదు, ముల్లు ఫుల్ దగ్గరే ఉండి చివర్లో ఢమాల్న పడుతుంది. నెగెటివ్ లైనులో షంటు (కరెంటు కొలవడానికి దారిలో పెట్టే చిన్న లోహపు ముక్క) పెట్టి, పోయిన కరెంటును లెక్కబెట్టే మీటరు వేయండి. షంటుకు ప్యాకు వైపు ఇంకే వైరూ కలపకూడదు, కన్వర్టర్ నెగెటివ్‌తో సహా. కలిపితే ఆ కరెంటు లెక్కలోకి రాదు.

ఛార్జరు విషయంలో పొదుపు వద్దు. పాత ఛార్జరులో ఈక్వలైజ్ అనే దశ ఉంటుంది, 62 వోల్టుల దాకా పోతుంది. మన ప్యాకు నిండేది 58.4 దగ్గర. రోజూ బీఎంఎస్ అడ్డుపడి ఆపుతుండాల్సి వస్తుంది, అది దాని రోజువారీ పని కాకూడదు. 58.4 వోల్టులు, 25 ఆంప్స్ లిథియం ఛార్జరు తీసుకుంటే ఖాళీ ప్యాకు నాలుగున్నర గంటల్లో నిండుతుంది. గోడ దగ్గర 7 ఆంప్స్ లాగుతుంది, 16 ఆంప్స్ సాకెట్టు ఉండాలి. వారానికొకసారైనా పూర్తిగా నింపండి, సెల్స్ సమానమయ్యేది ఆ చివరి భాగంలోనే.

షెడ్డు మిట్ట మీద ఉంటే మాత్రం ఇంకో ఇబ్బంది. పొద్దున్నే ఫుల్ ఛార్జితో దిగుడులోకి వస్తే రీజెన్ కరెంటు పోవడానికి చోటుండదు. వోల్టేజీ హద్దు దాటి బీఎంఎస్ తెంపేస్తుంది, ఆ దెబ్బ కంట్రోలర్ మీద పడుతుంది. అలాంటి చోట మామూలు రోజుల్లో 90 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపండి. కంట్రోలర్ లేబుల్ మీద గరిష్ఠ వోల్టేజీ 58.4 కంటే చాలినంత పైన ఉందో లేదో కూడా చూడండి. కంట్రోలర్ సెట్టింగులు మార్చే ప్రోగ్రామర్ దొరికితే లో-వోల్టేజీ కట్‌బ్యాక్ 46, 47 వోల్టుల దగ్గర పెట్టించండి. అప్పుడు బీఎంఎస్ తెంపకముందే బండి మెల్లబడి డ్రైవరుకు సూచన ఇస్తుంది.

ఎండాకాలం మధ్యాహ్నం తిరిగి వచ్చిన బండికి వెంటనే ప్లగ్గు పెట్టకండి. తయారీదారును బట్టి ఛార్జింగ్ పైహద్దు 45 నుంచి 55 డిగ్రీలు. నీడన సీటు ఎత్తిపెట్టి, చల్లబడ్డాక రాత్రి పెట్టండి. లెడ్ బ్యాటరీలా హైడ్రోజన్ రాదు కదా అని పాత గాలి రంధ్రాలు మూయొద్దు, వేడి పోవడానికి అవే దారి. 2021 నవంబరులో మన వీధుల్లో నీళ్లు ఎలా పారాయో చూశాం కాబట్టి ప్యాకు ఐపీ67, అంటే దుమ్మూ నీళ్లూ లోపలికి పోని రకం, అడగండి. కన్వర్టర్, ఫ్యూజు, షంటు మాత్రం ట్రే అడుగున కాకుండా పైన బిగించండి.

మొదటి పరీక్ష వెనక చక్రాలు జాకీ మీద లేపి. తర్వాత ఖాళీ బండితో చదునులో, చివరికి నిండు మనుషులతో ముందు కొలిచిన అదే మిట్టలో. దిగాక లగ్గులు ఒక్కొక్కటీ చేత్తో తాకి చూడండి, ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ క్రింపింగ్ సరిగా లేదు. వెనక 120 కిలోలు తగ్గాయి కాబట్టి బ్రేకు పట్టే తీరు మారుతుంది, డ్రైవరుకు ఒక పూట ఖాళీ బండితో అలవాటు చేయించండి. వారం తిరిగాక బోల్టులన్నీ తయారీదారు చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) మళ్లీ బిగించండి. దించిన ఆరు పాత బ్యాటరీలు యాసిడ్ పారబోసి తూకానికి వేయకండి. నిటారుగా, మూతలు బిగించే అధీకృత రీసైక్లర్‌కో, పాతవి తీసుకునే డీలరుకో ఇచ్చి రసీదు తీసుకోండి.