కొండకు వాన కావాలి

నమస్కారం. తెర మీద రెండు బొమ్మలున్నాయి, చూడండి. రెండూ కంప్యూటర్లో పుట్టిన కొండలే. ఎడమది ఈ పని మొదలుపెట్టిన కొత్తలో చేసింది. అప్పట్లో చూసుకుని తెగ మురిసిపోయాను. ఇప్పుడు చూస్తే నలిపి పారేసిన కాగితంలా ఉంది.

ఈ పద్ధతిలో కొండను చేత్తో గీయం. ప్రతి చుక్క దగ్గర నేల ఎంత ఎత్తుండాలో ఒక సూత్రం లెక్కగట్టి చెబుతుంది. ఎక్కువమంది ముందుగా పట్టుకునే సూత్రం పెర్లిన్ నాయిస్. కెన్ పెర్లిన్ దీన్ని 1985లో కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్ల సిగ్రాఫ్ సదస్సులో వివరించాడు. 1997లో ఆస్కార్ ఇచ్చే అకాడమీ వాళ్లు దీనికి సాంకేతిక పురస్కారం కూడా ఇచ్చారు. పేరుకు నాయిస్ గానీ ఇందులో గోలేమీ ఉండదు, మెత్తటి ఎగుడుదిగుళ్లు అంతే. ఒక్క పొర వేస్తే దుప్పటి కింద దిండ్లు పెట్టినట్టుంటుంది. దాని మీద గుట్టలు రెట్టింపు దగ్గరగా, సగం ఎత్తులో ఉండే ఇంకో పొర వేస్తాం. ఆపైన మరొకటి. వీటిని ఆక్టేవ్‌లంటారు. ఆరేడు పడేసరికి నేలకు కొండ పోలిక వచ్చేస్తుంది. నేను మోసపోయింది అక్కడే.

ఎడమ బొమ్మలో శిఖరం ఎంత గరుకుగా ఉందో లోయ అడుగూ అంతే గరుకు. నిజం లోయ అలా ఉండదు కదా. పైనుంచి రాలిన రాళ్లూ మట్టీ అడుగున చేరి, గుంటలు పూడి, నేల చదునవుతుంది. గణిత శాస్త్రవేత్త మాండెల్‌బ్రాట్ దగ్గర పనిచేసిన కెన్ మస్‌గ్రేవ్ దీనికి చూపిన ఉపాయం చాలా చిన్నది. కొత్త పొర కలిపే ముందు, దాన్ని ఆ చోట అప్పటికే ఉన్న ఎత్తుతో గుణించడం. ఎత్తులో గరుకు నిలుస్తుంది, పల్లంలో అణిగిపోతుంది. కోడ్‌లో ఒక్క గుణకారం! దానికోసం నేను వారాల తరబడి రంగులూ నీడలూ మార్చుకుంటూ కూర్చున్నాను.

అయినా నీళ్లు పారిన జాడ ఉండదు. అందుకు ఎరోజన్, అంటే నీటి కోత, కావాలి. ఎక్కడో ఒక వాన చుక్క వదులుతాం. అది వాలు వెంట దిగుతూ, వేగమున్న చోట మట్టి కోసుకుని, మందగించిన చోట వదిలేస్తుంది. వేల చుక్కలు పడ్డా ఏమీ కనిపించదు. లక్షల్లోకి వెళ్లాక సన్నటి గీతలు తేలి, ఒకదాన్నొకటి వెతుక్కుంటూ కలుస్తాయి. కోత మరీ పెంచితే మాత్రం కొండ పాడైపోతుంది. ఒకసారి రాత్రంతా నడవనిచ్చి పొద్దున చూస్తే, వాలంతా గోళ్లతో రక్కినట్టుంది.

ఇంకో పొరపాటు చెబుతాను, మీరు చేయకండి. ఇంత కష్టపడి హైట్‌మ్యాప్‌ను, అంటే ప్రతి చోటి ఎత్తునూ దాచుకునే బొమ్మను, 8 బిట్‌లో సేవ్ చేశాను. అందులో పట్టేది 256 ఎత్తులే. 1000 మీటర్ల కొండకు ఒక్కో మెట్టు దాదాపు 4 మీటర్లు! నున్నటి వాలు కాస్తా మెట్లబావిలా తయారైంది. 16 బిట్‌లో 65,536 ఎత్తులు, అంటే మెట్టుకు ఒకటిన్నర సెంటీమీటరు. గుహలూ, ముందుకు వంగిన బండలూ మాత్రం ఏ బిట్‌లోనూ రావు. హైట్‌మ్యాప్‌లో ఒక చోటికి ఒకటే ఎత్తు మరి.

ఇక కుడి బొమ్మ. అందులో వాగు ఆ వంపు ఎందుకు తిరిగిందో నాకూ తెలియదు, నేను గీయలేదు. ఇప్పుడు మీ ముందే కొత్త నేల మీద వాన మొదలుపెడతాను. మొదటి నిమిషం ఏమీ జరగదు. కాస్త ఓపిక పట్టండి.