కొండ కడుపులో మంచు మైదానం

శ్రోతలకు నమస్కారం.

నార్వేలో మ్యోసా సరస్సు ఒడ్డున యోవిక్ అని ఒక చిన్న పట్టణం ఉంది. అక్కడ అయిదు వేల మందికి పైగా కూర్చుని ఐస్ హాకీ చూడగలిగే హాలు ఉందని విని వెళ్లారనుకోండి. ఎంత వెతికినా గోడలు కనబడవు, పైకప్పు కనబడదు. కొండలోకి దారితీసే సొరంగం ఒకటి కనబడుతుంది. హాలంతా ఆ కొండ లోపలే!

1994 చలికాలపు ఒలింపిక్స్ దగ్గర్లోని లిల్లెహామర్‌లో జరిగాయి. హాకీకి అక్కడున్న హాలుకు తోడు రెండోది కావాల్సి వచ్చింది. యోవిక్ వాళ్లు సరేనని కొండ తవ్వారు. అంతకుముందు 1970లలోనే కొండను తొలిచి ఈతకొలను కట్టుకున్న ఊరు అది. కాబట్టి వాళ్లకు ఈ ఆలోచన మరీ వింతగా తోచి ఉండదు.

ఈసారి తీసిన రాయి మాత్రం దాదాపు 1,40,000 ఘనపు మీటర్లు. హాలు వెడల్పు 61 మీటర్లు, పొడవు 91, ఎత్తు 25. మధ్యలో ఒక్క స్తంభం లేదు.

మరి నెత్తిమీద అంత కొండను మోసేదెవరు? నాకైతే అసలు విశేషం ఇదే. అది పగుళ్లు లేని ఏకశిల కూడా కాదు. ఇంట్లో ఓ పది పుస్తకాలు వరసగా నిలబెట్టి, రెండు చేతులతో అటూ ఇటూ గట్టిగా అదిమి పైకెత్తి చూడండి. కింద ఏ ఆధారమూ లేకపోయినా మధ్య పుస్తకం జారదు. అక్కడి రాయిలోనూ పక్కల నుంచి అలాంటి ఒత్తిడే సహజంగా ఉంది. దానికి తోడు పైకప్పు రాతిలోకి ఇనుప బోల్టులు దిగ్గొట్టి, కాంక్రీటు చిమ్మారు. రూఫ్ బోల్టు అంటే ఏమిటో మన సింగరేణి కార్మికులకు చెప్పక్కర్లేదు. తవ్వకం అయ్యాక కొలిస్తే, పైకప్పు ఒక సెంటీమీటరు కూడా కిందికి దిగలేదు.

ఇంతా చేస్తే ఒలింపిక్స్‌లో యోవిక్‌కు దక్కినవి 16 మ్యాచ్‌లు. స్వీడన్, కెనడా తలపడిన ఫైనల్ లిల్లెహామర్‌కే పోయింది. ఆ కొద్ది రోజుల ఆటకే అయితే కొండ తవ్వడం దండగే. కానీ ఊరి హాకీ జట్టుకు ఆ మంచు మిగిలింది. కచేరీలు, ప్రదర్శనలు కూడా అక్కడే పెట్టుకుంటారు. బయట మంచు కురిసే రోజుల్లోనూ లోపలి రాయి నీళ్లు గడ్డకట్టేంత చల్లబడదు కాబట్టి, హాలు వెచ్చబెట్టే ఖర్చూ తక్కువే.