సూర్యాస్తమయం 6:39

శ్రోతలకు నమస్కారం.

మాటలతో బతికే రేడియోలో ఈ పూట మాటలంటే బొత్తిగా గిట్టని ఒక మనిషిని తలచుకుందాం. పేరు ఎడ్విన్ మ్యూజిక్. అది అక్షరాలా ఇంటిపేరే, సంగీతంతో ఏ సంబంధమూ లేదు. అమెరికాలోని పాన్ అమెరికన్ ఎయిర్‌వేస్‌లో చీఫ్ పైలట్. 1938 జనవరి 11న, తన 43వ ఏట, పసిఫిక్ మహాసముద్రంలో కన్నుమూశారు.

ఆయన గురించి సహోద్యోగులు చెప్పుకున్న కథ ఒకటుంది. 1935లో పసిఫిక్ మీద విమానం నడుపుతుండగా కంపెనీ ప్రచార విభాగం వారు రేడియోలో ఒక కోరిక కోరారట. పత్రికల వాళ్లు కాచుకుని కూర్చున్నారు, ఆకాశం నుంచి నాలుగు రసవత్తరమైన మాటలు పంపండి అని. తాను పైలట్‌నే గాని విలేకరిని కానని మ్యూజిక్ తప్పించుకోబోయారు. వాళ్లు వదల్లేదు. చివరికి ఆయన పంపిన సందేశం ఇది: సూర్యాస్తమయం, 6:39. అంతే. ఆ ప్రచార విభాగం వారి మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

మాట పొదుపు సరే, మనిషి పనితనం ఎలాంటిదో చూడండి. ఆ రోజుల్లో పసిఫిక్ మీద విమానం దిగడానికి రన్‌వేలు లేవు. అందుకే పడవ లాంటి అడుగుభాగంతో నీళ్ల మీద వాలే ఫ్లయింగ్ బోట్లు వాడేవారు. కాలిఫోర్నియా నుంచి హోనొలులుకు దాదాపు 3,900 కిలోమీటర్లు. మధ్యలో గుక్కెడు నీళ్లకైనా ఆగే చోటు లేదు. కింద ఉన్నదంతా ఉప్పునీరే. ఇలాంటి కొత్త దారిలో మొదట చీఫ్ పైలటే వెళ్లి చూసి రావాలి. ఆయన క్షేమంగా తిరిగొస్తేనే మిగతా పైలట్లు, ఆ తరువాత ఉత్తరాలు, అన్నిటికంటే చివర ప్రయాణికులు.

1935 ఏప్రిల్‌లో మ్యూజిక్ అలాగే వెళ్లారు. హోనొలులుకు పోవడం సాఫీగానే సాగింది. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి పట్టుకుంది. ఆలస్యం పెరిగేకొద్దీ ఒడ్డున ఉన్నవారికి గుండెలు జారిపోయాయి. దాదాపు 24 గంటలు గాలిలోనే గడిపి ఎట్టకేలకు వాలేసరికి ట్యాంకుల్లో ఇంధనం అడుగంటిపోయింది. ఇంకొంచెం గాలి వీచి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. వచ్చినాయన దాన్ని సాహసగాథగా చెప్పుకోలేదు. లెక్క ఎక్కడ తప్పిందో చూసుకునే పనిలో పడ్డారు.

అదే ఏడాది నవంబరు 22న మ్యూజిక్ నడుపుతున్న చైనా క్లిప్పర్ అనే ఫ్లయింగ్ బోటు బయలుదేరింది. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న అలమీడా నుంచి మనీలాకు లక్షకు పైగా ఉత్తరాలతో. చూడటానికి జనం తీరమంతా నిండిపోయారు. అక్కడ బే బ్రిడ్జి ఇంకా కడుతున్నారు, తీగలు వేలాడుతున్నాయి. బరువుతో ఉన్న విమానం తీగలను దాటేంత ఎత్తుకు లేవడం లేదని మ్యూజిక్ గ్రహించారు. క్షణంలో ముక్కు దించి, వంతెన కిందుగా దూరిపోయారు. వెంట వస్తున్న చిన్న విమానాలు ఇదంతా ముందే అనుకున్న వేడుకలో భాగం కాబోలనుకుని, అవీ కిందుగానే దూరాయి! హోనొలులు, మిడ్‌వే, వేక్, గువామ్ మీదుగా నవంబరు 29న మనీలా చేరారు. ఓడల్లో వారాలు పట్టే దూరం అది. టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికి ఆయన బొమ్మ ఎక్కింది. ప్రయాణికులను ఎక్కించుకున్నది మాత్రం మరుసటి ఏడాది అక్టోబరులోనే.

ఆ ప్రయాణంలో దారి లెక్కలు చూసిన నావిగేటర్ ఫ్రెడ్ నూనన్. 1937 జూలైలో అమెరికా మహిళా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్‌తో కలిసి ఇదే పసిఫిక్‌లో మాయమైపోయినది ఆయనే.

ఇక న్యూజీలాండ్ దారి. 1937 మార్చిలో మ్యూజిక్ ఆ దారి పరిశీలించారు. కింగ్‌మన్ రీఫ్ అనే చోట నిలవడానికి నేలంటూ దాదాపు లేదు. అందుకని అక్కడ ఒక ఓడను లంగరేసి ఉంచి, దాని నుంచి ఇంధనం నింపుకున్నారు. తరువాతి మజిలీ సమోవాలోని పాగో పాగో. అందమైన రేవు, కాని చుట్టూ నిట్టనిలువు కొండలు, వాలడానికి ఇరుకు. మార్చి 30న ఆక్లండ్ చేరినప్పుడు ఊరు ఊరంతా రేవు దగ్గరే ఉంది. డిసెంబరు 26న సమోవన్ క్లిప్పర్‌లో మళ్లీ వచ్చారు. మరునాడే ఇంగ్లండు నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి సెంటారస్ కూడా అదే ఊళ్లో వాలింది. రెండు దిక్కుల నుంచి లోకం తమ గుమ్మంలోకి వచ్చినట్టు ఆ ద్వీపవాసులకు అనిపించి ఉంటుంది.

పదిహేను రోజులు గడిచాయి. జనవరి 11 తెల్లవారుజామున సమోవన్ క్లిప్పర్ పాగో పాగో నుంచి ఆక్లండ్‌కు లేచింది. లోపల ఏడుగురు సిబ్బంది, ప్రయాణికులు లేరు. కాసేపటికే ఒక ఇంజనులో నూనె కారుతున్నట్టు తెలిసింది. మిగతా మూడు ఇంజన్లు బాగానే ఉన్నాయి. అయినా మ్యూజిక్ వెనక్కి తిప్పారు. ఆయనను ఎరిగినవారెవరికీ అందులో ఆశ్చర్యం ఉండదు.

అయితే నిండు ట్యాంకులతో ఆ ఇరుకు రేవులో వాలలేరు. ఇంధనం పారబోయాలి. పారబోస్తున్నామనీ, ఆ కాసేపు రేడియో వాడబోమనీ కబురు పంపారు. నిప్పురవ్వ పుడుతుందేమోనన్న జాగ్రత్త అది. ఆ తరువాత విమానం నుంచి మరే కబురూ రాలేదు. పారబోసిన పెట్రోలు ఆవిరి రెక్కల చుట్టూ చేరి అంటుకుని ఉంటుందని నిపుణులు భావించారు. వెతకడానికి వెళ్లిన అవొసెట్ అనే అమెరికా నౌకకు నీటి మీద నూనె తెట్టు, కొన్ని శకలాలు దొరికాయి. మనుషులు దొరకలేదు.

ఆయన ఏ తప్పూ చేయలేదని నేననను, నాకా నైపుణ్యం లేదు. చేసిన ప్రతి పనీ జాగ్రత్త కోసమే చేశారన్నది మాత్రం కనిపిస్తూనే ఉంది. నాకు మింగుడుపడనిది అదే. పాన్ అమెరికన్ ఆ దారిని ఆపేసింది. 1940లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మజిలీలు మార్చింది, కొత్త బోయింగ్ విమానాలు తెచ్చింది.

ఆక్లండ్ వాసులు ఆయనను మరచిపోలేదు. తామకి నది సముద్రంలో కలిసే చోట, మావోరీలు తే నౌపాటా అని పిలిచే కొండముక్కుకు మ్యూజిక్ పాయింట్ అని కూడా పేరు వచ్చింది. అక్కడ ఆయన స్మారకంగా 1942లో తెరిచినది విగ్రహం కాదు, ఒక రేడియో కేంద్రం! పెదవి విప్పని మనిషికి రేడియో కేంద్రమేమిటని మొదట్లో నాకు విచిత్రంగా తోచింది. ఆ తరువాత అక్కడి నుంచి వెళ్లినవి ఎలాంటి మాటలో ఆలోచించాను. దశాబ్దాల పాటు ఓడలకూ విమానాలకూ ఆ కేంద్రం వాతావరణం చెప్పింది, గాలి దిక్కు చెప్పింది, ఎవరు ఎక్కడున్నారో అడిగి రాసుకుంది. ముందు గంట, తరువాత నిమిషం. 6:39 అన్నట్టుగా.

సెలవు.