ఓట్ బ్రాన్ ఒక్క చెంచాతో ఏమవుతుంది?

అందరికీ నమస్కారం. నడక అయ్యాక ఇంటికెళ్ళి టిఫిన్ తినాల్సిన వేళ మిమ్మల్ని కూర్చోబెట్టాను కాబట్టి సూటిగా విషయంలోకి వచ్చేస్తాను.

కార్యదర్శిగారు సభ్యుల దగ్గర ప్రశ్నల చీటీలు తీసుకుని నాకు ముందే పంపారు. ఎక్కువ చీటీల్లో ఒకటే మాట: "ఓట్ బ్రాన్ వేసుకుంటే మోషన్ ఫ్రీగా అవుతుందంటున్నారు, నిజమేనా?" నిజమే. కాకపోతే మీరు అనుకున్నంత త్వరగా అవదు, మీరు అనుకుంటున్న మోతాదులోనూ అవదు. ఈ రెండు సంగతులూ విడమరిచి చెప్పడానికే వచ్చాను.

ముందు అదేమిటో చూద్దాం. వడ్లకి ఉన్నట్టే ఓట్స్ గింజకి పైన ఊక ఉంటుంది. ఊక తీసేసి, గింజని ఆవిరి పట్టి, మర ఆడించి జల్లిస్తే జల్లెడలో మిగిలే ముతక భాగమే ఓట్ బ్రాన్, అంటే ఓట్స్ తవుడు. మనం రోజూ చూసే ఓట్స్ గింజ మొత్తాన్ని అటుకుల్లా నొక్కినవి. తవుడు వాటిలోనూ ఉంటుంది, కాకపోతే పలచబడి ఉంటుంది. ఓట్స్ గింజ మెత్తన, అందుకని తవుడు గోధుమకి వచ్చినట్టు పొరగా విడిగా రాదు, కొంత పిండిని వెంటబెట్టుకునే వస్తుంది. ఇందులో నూనె కూడా ఉంది, 100 గ్రాములకి సుమారు 7 గ్రాములు. ఆవిరి పట్టడం ఆ నూనె పాడవకుండా ఉండటానికే. అయినా ప్యాకెట్ విప్పాక మన ఎండల్లో వంటింటి గట్టు మీద నెలల తరబడి ఉంచితే వాసన మారి చేదెక్కుతుంది. చిన్న ప్యాకెట్ కొనండి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇప్పుడు ఈ బల్ల మీద చూడండి. రెండు గాజు గ్లాసులు. రెండింట్లోనూ వేడినీళ్ళు పోసి, ఒకదానిలో రెండు చెంచాల గోధుమ తవుడు, రెండోదానిలో రెండు చెంచాల ఓట్ బ్రాన్ వేసి మీరు వచ్చి కూర్చునే లోపే కలిపి పెట్టాను. గోధుమ తవుడు గ్లాసులో పొరలు ఉబ్బి అడుగున చేరాయి, పైన నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఓట్స్ గ్లాసులో చెంచా పెట్టి పైకెత్తితే, ఇదిగో, సాగుతోంది. బెండకాయ కోసిన చేతికి అంటుకునే జిగురులాంటిదే. ఈ చిక్కదనంలో కొంత పిండి పనితనం, మిగతాది బీటా గ్లూకాన్ అనే కరిగే పీచుది. కథంతా ఈ రెండు గ్లాసుల తేడాలోనే ఉంది.

గోధుమ తవుడులోని పీచు చాలావరకు కరగదు. నీళ్ళు పట్టుకుని, పెద్దపేగు గోడని ఒరుసుకుంటూ, అరగకుండా బయటికి వచ్చేస్తుంది. ఓట్స్ జిగురు అలా కాదు. పొట్టలోంచి ఆహారం కిందికి దిగడాన్ని అది నెమ్మదింపజేస్తుంది. చిన్నపేగులో చక్కెర రక్తంలోకి చేరే వేగం తగ్గిస్తుంది. పైత్యరసాన్ని కొంత పట్టుకుని కిందికి తోసేస్తుంది. పోయిన పైత్యరసం మళ్ళీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ని వాడుకుంటుంది. ఇక పెద్దపేగులోకి వెళ్ళాక అక్కడి బ్యాక్టీరియా ఈ జిగురు మీద పడి తింటాయి. తిని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు విడుస్తాయి, పేగు గోడలోని కణాలకి అదే తిండి. బ్యాక్టీరియా సంఖ్య పెరుగుతుంది, ఆ పెరిగిన బ్యాక్టీరియాతోనే మలం బరువు, మెత్తదనం పెరుగుతాయి. చెప్పుకోడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా, ఓట్ బ్రాన్ తిన్నవాళ్ళ మలంలో పెరిగిన బరువులో పెద్ద వాటా ఈ బ్యాక్టీరియాదే.

అందుకే విరేచనం సంగతి ఒక్కటే చూస్తే ఓట్స్ మొదటి బహుమతి కొట్టదు. పీచు మీద జీవితమంతా పనిచేసిన కమింగ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చాలా పరిశోధనల ఫలితాలు కలిపి లెక్క కట్టాడు. ఒక గ్రాము గోధుమ పీచు తింటే మలం బరువు సుమారు 5.4 గ్రాములు పెరుగుతుంది, పళ్ళు కూరగాయల పీచుకి 4.7, ఈసబ్‌గోల్‌కి 4, ఓట్స్‌కి 3.4. అంటే మీ బాధ కేవలం మలబద్ధకమే అయితే, సూపర్ మార్కెట్లో ఓట్ బ్రాన్ వెతికే ముందు కూరల బజారుకి ఓసారి వెళ్ళొచ్చు. ఇది చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

మరి ఓట్ బ్రాన్‌కి ఇంత పేరు ఎలా వచ్చింది? దీనికి అమెరికాలో ఒక పిచ్చికాలం నడిచింది. 1980లలో కెంటకీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆండర్సన్ అనే డాక్టరు ఓట్ బ్రాన్‌తో కొలెస్టరాల్ తగ్గుతోందని చూపించాడు. 1987 తర్వాత జనం ఎగబడ్డారు. చివరికి ఆలూ చిప్స్‌లో, డోనట్లలో కూడా ఓట్ బ్రాన్ కలిపి అమ్మారు. నూనెలో వేయించిన చిప్స్‌కి ఆరోగ్యం ముసుగు! 1990 జనవరిలో బోస్టన్ పరిశోధకులు 20 మంది మీద చేసిన ప్రయోగం అచ్చయింది. ఓట్ బ్రాన్ తిన్నా, పీచు తక్కువగా ఉండే గోధుమ పదార్థం తిన్నా కొలెస్టరాల్ దాదాపు ఒకేలా తగ్గిందన్నారు. అంతే, రాత్రికి రాత్రి ఓట్ బ్రాన్ పరువు పోయింది. ఆ 20 మందికీ మొదట్లోనే కొలెస్టరాల్ సగటున 186 అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. అంత తక్కువ ఉన్నవాళ్ళలో ఇంకెంత తగ్గుతుంది? తర్వాత ఎన్నో పరిశోధనలు పోగయ్యాయి. 1997లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ గుండెకి మేలు చేస్తుందని చెప్పుకోడానికి అనుమతి ఇచ్చింది. ఆ 3 గ్రాములతో చెడ్డ కొలెస్టరాల్ సగటున 10 పాయింట్ల దాకా తగ్గుతుంది. మందు మానేసేంత కాదు, అలాగని తీసిపారేసేంతా కాదు. ఆకాశానికి ఎత్తినప్పుడూ, పాతాళానికి తొక్కినప్పుడూ తవుడు మాత్రం ఒకలాగే పనిచేస్తూ ఉంది.

ఇప్పుడు మోతాదు. 100 గ్రాముల ఓట్ బ్రాన్‌లో మొత్తం పీచు సుమారు 15 గ్రాములు. ఒక పెద్ద చెంచా అంటే 6 గ్రాముల తవుడు. లెక్క వేయండి, చెంచాకి వచ్చే పీచు ఒక గ్రాము కూడా నిండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు కావాలంటోంది. మజ్జిగలో ఒక చెంచా కలుపుకుని తాగి, పొద్దున్నే గుణం కనిపించలేదని తిట్టుకుంటే తప్పు తవుడుది కాదు. గుండె కోసం చెప్పిన 3 గ్రాముల బీటా గ్లూకాన్ రావాలంటే 40 నుంచి 55 గ్రాముల తవుడు కావాలి, మామూలు ఓట్స్ అయితే 75 గ్రాములు.

మన పళ్ళెం సంగతీ చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 2.8 గ్రాములు. రోజుకి 300 గ్రాముల బియ్యం వండుకుని తింటే 8 గ్రాములు దాటుతుందంతే. అదే రాగుల్లో 11, జొన్నల్లో 10, కందిపప్పులో 9, జామకాయలో 8.6. ఒక మాదిరి జామకాయ కొరికి తింటే తొమ్మిది చెంచాల ఓట్ బ్రాన్‌కి సమానమైన పీచు లోపలికి పోతుంది. గింజలు పళ్ళలో ఇరుక్కుంటాయని జామకాయ మానేసిన వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలుసు. సన్నగా తరిగి తినండి.

అయితే రాగిజావ తాగితే ఓట్ బ్రాన్ అక్కర్లేదా అంటే, అలా కూడా చెప్పలేను. రాగి పీచు 11 గ్రాముల్లో తొమ్మిదిన్నర కరగని రకమే, జొన్నదీ అదే వరస. విరేచనానికి అది బాగానే సాయపడుతుంది గానీ, ఆ గ్లాసులో చూసిన జిగురు దానిలో తక్కువ. ఆ జిగురు కావాలంటే ఓట్స్‌తో పాటు మన ఇళ్ళలో ఉన్నవి ఈసబ్‌గోల్, మెంతులు, బార్లీ. బార్లీలోనూ బీటా గ్లూకానే ఉంది. మనవాళ్ళు బార్లీ ఉడకబెట్టి, నీళ్ళు వడకట్టి తాగి, గింజలు పారేస్తారు. పీచులో ఎక్కువ భాగం చెత్తబుట్టకే పోతుంది. గింజతో సహా తినండి, ఉప్మాలోనో పులగంలోనో వేసుకుంటే బాగానే ఉంటుంది.

ఓట్ బ్రాన్ నిజంగా పనికొచ్చే చోటు ఎక్కడంటే పెద్ద వయసువాళ్ళ దగ్గర. పళ్ళు లేక కూరలు నమలలేరు, పళ్ళెంలో పెట్టింది సగం వదిలేస్తారు, రాత్రి విరేచనాల మందు లేనిదే పొద్దున గడవదు. ఆస్ట్రియాలోని వియన్నాలో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 30 మంది మీద 12 వారాలు ఒక ప్రయోగం జరిగింది. కొందరికి రోజూ తిండిలోనే కొద్దిపాటి ఓట్ బ్రాన్ కలిపి పెట్టారు. వాళ్ళలో విరేచనాల మందుల వాడకం సగానికి పైగా తగ్గింది, బరువు కూడా నిలకడగా ఉంది. చిన్న ప్రయోగమే. కానీ మెత్తటి జావలో, పెరుగన్నంలో, పప్పులో కలిసిపోయే పీచు ఆ వయసుకి ఎంత సౌకర్యమో వంట చేసిపెట్టే కోడళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

పొట్ట ఉబ్బరం, ఒకరోజు మలబద్ధకం, ఒకరోజు విరేచనాలు, పరీక్షలన్నీ నార్మల్. ఇలా ఉండే ఐబీఎస్ అనే పేగుల బాధ ఉన్నవాళ్ళు గోధుమ తవుడు జోలికి వెళ్ళకండి. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి: పీచు పెంచాలంటే ఈసబ్‌గోల్, ఓట్స్ లాంటి కరిగే రకమే.

ఎలా మొదలుపెట్టాలి? మొదటి వారం రోజుకి ఒక పెద్ద చెంచా. వారానికో చెంచా చొప్పున పెంచుతూ నాలుగైదు చెంచాల దగ్గర ఆగండి. ఒకేసారి అరకప్పు వేసుకుంటే పేగుల్లో బ్యాక్టీరియాకి పెళ్ళిభోజనం, మీకు రాత్రంతా గ్యాస్. మొదటి ఒకటి రెండు వారాలు కొద్దిగా గుడగుడ సహజమే, తగ్గిపోతుంది. పొడిగా నోట్లో పోసుకోవద్దు. పెసరట్టు పిండిలో, దోసెల పిండిలో పొయ్యి వెలిగించే ముందు కలపండి. అట్టు కొంచెం మెత్తగా వస్తుంది, కరకరలాడాలంటే మంట తగ్గించి కాల్చాలి. జొన్నరొట్టె పిండిలో కలిపితే రొట్టె విరగకుండా చేతికి బాగా వస్తుంది. పక్కన నీళ్ళు తప్పనిసరి, రోజు మొత్తానికి ఇంకో రెండు గ్లాసులు అదనంగా. నీళ్ళు లేని పీచు మలాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. మసాలా ఓట్స్ ప్యాకెట్‌ని మాత్రం దీనికింద లెక్కెయ్యకండి, ఉప్పు చూస్తే బీపీ వాళ్ళకి కళ్ళు తిరుగుతాయి.

కొంతమంది డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. గుండె నీరసించో కిడ్నీ పాడయ్యో నీళ్ళు కొలిచి తాగేవాళ్ళు ఒకరు. కిడ్నీ వాళ్ళకి ఇందులోని ఫాస్ఫరస్ కూడా ఇబ్బందే. పేగు ఆపరేషన్ అయినవాళ్ళు, పేగు సన్నబడిందని తెలిసినవాళ్ళు. షుగర్ ముదిరి నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోయేవాళ్ళు. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు, ఎందుకంటే ఓట్స్ మిల్లుల్లో గోధుమ కలవడం మామూలే. పీచు ఎంత తిన్నా ఫలితం లేక పొట్ట ఇంకా బిగుసుకుపోయేవాళ్ళలో కొందరికి అసలు లోపం మలం బయటికి తోసే కండరాల్లో ఉంటుంది, వాళ్ళకి తవుడు పెంచడం బాధ పెంచడమే. ఐరన్, కాల్షియం బిళ్ళలు, కొన్ని నొప్పి మందులు, కొన్ని బీపీ మందులు, తక్కువగా పనిచేసే థైరాయిడ్ కూడా మలబద్ధకం తెస్తాయి. అప్పుడు సరిచేయాల్సింది పళ్ళెం కాదు, మందుల చీటీ.

ఇంకో మాట. రోజూ పొద్దున్నే కాకపోతే మలబద్ధకం అని చాలామంది బెంగ. వారానికి మూడుసార్లు, కష్టపడకుండా అయితే చాలు, అది జబ్బు కిందికి రాదు.

చివరి చీటీ: "థైరాయిడ్ టాబ్లెట్, ఓట్ బ్రాన్ జావ రెండూ పొద్దున్నే తీసుకోవచ్చా?" వద్దమ్మా. టాబ్లెట్ పరగడుపున, జావ సాయంత్రానికి మార్చండి, లేకపోతే మందు సరిగా ఒంటికి పట్టదు. కొలెస్టరాల్ మందు వాడేవాళ్ళు కూడా తవుడుకీ మందుకీ మధ్య కొన్ని గంటలు ఎడం పెట్టండి. మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా, యాభై దాటాక అలవాటు ఒక్కసారిగా మారినా ఓట్ బ్రాన్ ప్యాకెట్ పక్కనపెట్టి ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇక మైకు మీ వైపు పంపిస్తున్నాను. గ్లాసులో జిగురు చేత్తో పట్టి చూడాలనుకునేవాళ్ళు బల్ల దగ్గరికి రండి, చేతులు కడుక్కోడానికి పక్కనే కుళాయి ఉంది.