ఆంప్ మారింది, మరి పాట మారిందా?

నమస్తే అండీ. నేను కొన్న కొత్త ఆంప్ (స్పీకర్లని మోగించే ఆంప్లిఫయర్) రివ్యూ ఎప్పుడని చాలామంది అడుగుతున్నారు. రెండు నెలలు ఆలస్యమైంది. తప్పు ఆంప్‌ది కాదు, నా చెవుల మీద నాకే నమ్మకం పోయింది.

కొన్న మొదటి వారం ఇంట్లో పండగే. అమ్మకి ఇష్టమైన వీణ కచేరీ పెడితే, తీగ మీటిన చప్పుడు వేరుగా, దాని వెనకే సాగే గమకం వేరుగా వినిపించేవి. తర్వాత ఒక ఫ్రెండ్ వచ్చాడు. పది నిమిషాలు విని, "ట్రెబుల్ కాస్త గుచ్చుతోంది కదరా?" అన్నాడు. ట్రెబుల్ అంటే పై స్థాయి సన్నటి శబ్దాలు. అంతే. మర్నాటి నుంచి అదే వీణ నా చెవుల్లో గుచ్చడం మొదలుపెట్టింది. పాట వదిలేసి ట్రెబుల్‌ని వెతుక్కుంటూ కూర్చునేవాణ్ణి.

1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు హార్మన్ అనే ఆడియో కంపెనీలో 40 మంది ఉద్యోగులకి 4 రకాల స్పీకర్లు వినిపించారు. ఒకసారి కళ్లెదుట పెట్టి, ఒకసారి తెర వెనక పెట్టి. కనిపిస్తున్నప్పుడు పెద్ద, ఖరీదైన స్పీకర్లకి మార్కులు పెరిగాయి, చిన్న చవక సెట్‌కి బాగా పడిపోయాయి. తెర వేశాక ఆ తేడా చాలావరకు తగ్గింది. నాకు ఇంకా పెద్ద విషయం అనిపించింది వేరే ఉంది: గదిలో స్పీకర్ చోటు మారితే శబ్దం నిజంగానే మారుతుంది కదా, స్పీకర్ కనిపిస్తున్నప్పుడు ఆ మార్పుని కూడా వాళ్లు సరిగ్గా పట్టుకోలేకపోయారు. అంటే లేనిది వినిపించడమే కాదండీ, ఉన్నది కూడా వినిపించకుండా పోతుంది.

అందుకే ఇంట్లోనే పరీక్ష పెట్టుకున్నాను. పాత ఆంప్, కొత్త ఆంప్, మధ్యలో ఒక స్విచ్ బాక్స్, ముందు అమ్మ పాత దుప్పటి. స్పీకర్ వైర్లు కలిసే టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) పెట్టి రెండిటి వాల్యూమ్ సమానం చేశాను. ఇది మాత్రం వదలకండి. కాస్త ఎక్కువ వాల్యూమ్‌లో మోగేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది, షోరూమ్ డెమోలో మనం పడిపోయేది ఎక్కువగా ఇక్కడే. తమ్ముడు నాణెం ఎగరేసి స్విచ్ తిప్పుతూ "అన్నయ్యా, ఇప్పుడేది?" అని అడుగుతుంటే కాగితం మీద రాసుకున్నాను. 16 సార్లలో 9 సరిగ్గా చెప్పాను. ఊరికే ఊహించినా దాదాపు అన్నే వస్తాయి.

కాబట్టి నా రివ్యూ ఇదీ. ఆంప్ మంచిదే, వేడెక్కదు, రిమోట్ బాగుంది. కానీ మీ పాతది సరిగ్గా పనిచేస్తుంటే దీనికోసం డబ్బు పెట్టకండి. నేను స్పీకర్లని గోడ నుంచి అడుగున్నర ముందుకి జరిపాను, బేస్‌లో, అంటే కింది స్థాయి బరువైన శబ్దాల్లో, ఆ బొయ్యిమనే మోత తగ్గింది. అది అమ్మ కూడా వంటింట్లోంచే గుర్తుపట్టింది, నేను జరిపానని ఆవిడకి తెలియకుండానే.

రండి, దుప్పటి వెనక వైర్లు ఎలా కలిపానో చూపిస్తాను.