డిశ్చార్జి కాగితంలో లేని మాట

పెద్దలకు, జంటగా వచ్చిన దంపతులకు నమస్కారం. ఈ రోజు సెప్టెంబరు 29, ప్రపంచ హృదయ దినోత్సవం. ఉప్పూ నూనెల గురించి ఇప్పటికే విన్నారు. డిశ్చార్జి కాగితంలో ఎవరూ రాయని సంగతి నేను చెబుతాను. గుండెపోటు తర్వాత భార్యాభర్తలు మళ్లీ ఎప్పుడు కలవొచ్చు?

ఆయనకు అడగాలంటే మొహమాటం. 'ఏదైనా జరిగితే నావల్లే అంటారు' అని ఆమెకు భయం. డాక్టరూ ఆ మాట ఎత్తడు. మంచాలు వేరవుతాయి. నా బాధంతా అదే. గుండెపోట్లలో కలయిక వల్ల వచ్చేవి నూటికి ఒకటి కూడా ఉండవు.

రెండు అంతస్తుల మెట్లు చకచకా ఎక్కి చూడండి. ఛాతీ నొప్పి, విపరీతమైన ఆయాసం రాకపోతే కలయిక శ్రమనూ గుండె తట్టుకుంటుంది. చిక్కుల్లేని గుండెపోటైతే వారం దాటాక ఫరవాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లోనే చెప్పింది. బైపాస్ అయితే రొమ్ము ఎముక అతుక్కోవాలి, 6 నుంచి 8 వారాలు ఆగాలి. ఆ తర్వాతా కొన్నాళ్లు చేతుల మీద బరువు మోపకుండా పక్కకు తిరిగి పడుకోవడం మేలు. గజ్జల్లోంచి స్టెంట్ వేస్తే ఆ గాయం మానాలి. గుండె వైఫల్యం, అదుపులో లేని బీపీ, విశ్రాంతిలోనూ నొప్పి ఉన్నవాళ్లు ముందు వాటికి వైద్యం చేయించుకోవాలి. కడుపు నిండా తిన్న వెంటనే, తాగి ఉన్నప్పుడు వద్దు.

మాత్రల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, దయచేసి వినండి. పటుత్వం కోసం మగవాళ్లు వేసుకునే మాత్రల్లో సిల్డెనాఫిల్ వేసుకున్నవారికి 24 గంటలు, టడాలాఫిల్ వేసుకున్నవారికి 48 గంటలు సార్బిట్రేట్, అంటే గుండెనొప్పికి నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్ర, ఇవ్వకూడదు. పటుత్వం మాత్రా సార్బిట్రేటూ రక్తనాళాలను వదులు చేసేవే, రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గుండెనొప్పికి రోజూ నైట్రేట్ మాత్రలో నికోరాండిల్ అనే మందో వాడేవారు పటుత్వం మాత్రల జోలికే పోకూడదు. 'మూలికల పొడి' అని అమ్మే పొట్లాల్లోనూ సిల్డెనాఫిల్ కలిపినవి పట్టుబడ్డాయి. అర్ధరాత్రి నొప్పి వస్తే, ఆయన ఏం మింగాడో తెలియని ఇల్లాలే ప్రేమతో నాలుక కింద సార్బిట్రేట్ పెడుతుంది. అయ్యా, ఏం వేసుకున్నారో ఆమెకు ముందే చెప్పండి! 108 సిబ్బందికీ దాచకండి.

పటుత్వం తగ్గిందని బీటా బ్లాకర్, అంటే గుండె వేగాన్ని తగ్గించే మాత్ర, మానేయకండి. హఠాత్తుగా ఆపితే గుండెకే ముప్పు. పటుత్వం తగ్గడానికి షుగరో భయమో కారణం కావచ్చు, డాక్టరుకు చెప్పండి. గుండెపోటు వచ్చిన ఆడవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు. అమ్మా, ఇది మీరే అడగాలి, అడగనిదే ఎవరూ చెప్పరు.

మధ్యలో నొప్పి వస్తే ఆపి, లేచి కూర్చోండి. పైన చెప్పిన పటుత్వం మాత్రలేవీ వేసుకోకపోతేనే ఒక సార్బిట్రేట్. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108.

ఇక్కడున్న డాక్టర్లకు ఒక్క మనవి. రేపటి డిశ్చార్జి కాగితంలో ఈ విషయం మీద ఒక్క వరుస రాయండి, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి.